లేని విమానానికి ప్రయాణ సమయం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా రాజోలులో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండి. ఫరవాలేదు, రండి. ఈ గ్లోబు చిన్నది, అక్కడి నుంచి మీకు ఏమీ కనపడదు. ఆ ఫ్యాను కూడా కాస్త తగ్గించండి బాబూ, నా కాగితాలు నిలవడం లేదు.

ఇవాళ రెండు విమానాశ్రయాల గురించి మాట్లాడుకుందాం. మనలో ఎవరమూ వాటిని చూడలేదు, బహుశా చూడబోం కూడా. ఒకటి ఈస్టర్ ద్వీపంలో ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో, చిలీ దేశానిది. పెద్దపెద్ద రాతి విగ్రహాలు సముద్రం ఒడ్డున వరసగా నిలబడి ఉంటాయి, ఫొటోల్లో చూసే ఉంటారు. అదే. అక్కడి విమానాశ్రయం పేరు మటవేరి. రెండోది సెయింట్ హెలెనా. అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న బ్రిటిష్ వాళ్ళ ద్వీపం. నెపోలియన్‌ని 1815లో తీసుకెళ్ళి పెట్టింది అక్కడే, 1821లో ఆయన పోయిందీ అక్కడే. పారిపోవడానికి వీల్లేని చోటు వెతికి వెతికి దాన్ని పట్టుకున్నారన్నమాట.

ఈ రెండిటికీ మధ్య దూరం ఎంత? ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. విమానాశ్రయాల మధ్య దూరం చెప్పే సైట్లు బోలెడున్నాయి. ఇక్కడ ఒక పేరు, అక్కడ ఒక పేరు కొడితే చాలు, టక్కున చెప్పేస్తాయి. సుమారు 10,500 కిలోమీటర్లు, ప్రయాణ సమయం ఇంచుమించు 13 గంటలు అని వస్తుంది. చాలా బాగుంది. రాత్రి అన్నం తిని ఎక్కితే పొద్దున్న దిగిపోవచ్చు అనిపిస్తుంది.

కానీ ఆ విమానం లేదు. ఎప్పుడూ లేదు. ఈ రెండు ద్వీపాల మధ్య ఏ కంపెనీ నడపడం లేదు. మరి లేని విమానానికి 13 గంటలు అని ఎవరు చెప్పారు? ఎలా చెప్పారు? అందులో నిజమెంత? ఇదే ఇవాళ్టి సంగతి.

ముందు దూరం చూద్దాం. ఒక మాట చెప్పేస్తాను, ఆ 10,500 అన్న అంకె అబద్ధం కాదు. దాన్ని మీరూ లెక్కకట్టగలరు. ఇదిగో గ్లోబు, ఇదిగో పురికొస. ఒక అమ్మాయి రా ఇలా. నువ్వు ఈ కొసని ఇక్కడ, చిలీకి పడమటగా, సముద్రం మధ్య ఈ చుక్క మీద పట్టుకో. నేను రెండో కొసని ఇక్కడ, ఆఫ్రికాకి పడమటగా, ఈ చుక్క మీద పెడతాను. ఇప్పుడు బిగించి లాగుదాం. చూశారా? బిగించినప్పుడు పురికొస తనంతట తానే ఒక దారి ఎంచుకుంది. భూమి మీద రెండు చోట్ల మధ్య ఇంతకన్నా దగ్గరి దారి లేదు. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. భూమిని సరిగ్గా సగానికి కోస్తే అంచు ఎలా వస్తుందో, ఆ అంచులో ఒక ముక్క ఇది.

ఇప్పుడు ఈ పురికొస ఏ ఊరి మీదుగా పోతోందో చదవమ్మా. శాంటియాగో. అవును, చిలీ రాజధాని శాంటియాగో. దాదాపు దాని నెత్తి మీదుగా పోతోంది. తర్వాత అర్జెంటీనా, తర్వాత ఉరుగ్వే. సరిగ్గా సగం దూరం ఉరుగ్వేలో పడుతుంది, బ్రెజిల్ సరిహద్దుకి దగ్గర్లో. ఆ తర్వాత అంతా నీళ్ళే.

ఇప్పుడు గోడ మీద ఉన్న ప్రపంచ పటం చూడండి. దాని మీద స్కేలు పెట్టి ఇవే రెండు చుక్కలు కలపండి. ఎక్కడి నుంచి పోతుంది? పరాగ్వే మీదుగా. శాంటియాగో ఎక్కడో కిందికి ఉండిపోయింది. పటం మీద స్కేలు గీతే తిన్నగా కనిపిస్తుంది, పురికొస దారి వంకరగా కనిపిస్తుంది. కానీ స్కేలు గీత పట్టుకుని వెళ్తే దాదాపు 280 కిలోమీటర్లు ఎక్కువ తిరగాలి. గుండ్రటి భూమిని బల్లపరుపుగా గోడకి కొట్టినందుకు కట్టే పన్ను అది. పటం తప్పు కాదు, దానితో మనం చేయకూడని పని చేస్తున్నాం, అంతే.

పొడవు ఎలా కొలవాలి? టేపు అక్కర్లేదు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అది ఇంత చక్కగా సున్నాలతో తేలే అంకె ఎందుకయ్యిందనుకున్నారు? అదృష్టం కాదు. 1790ల్లో ఫ్రెంచివాళ్ళు మీటరు అనేదాన్ని తయారు చేసుకున్నప్పుడు, ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటోవంతు ఒక మీటరు అని పెట్టుకున్నారు. అంటే పావు చుట్టు, 90 డిగ్రీలు, పది వేల కిలోమీటర్లు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు పడుతుంది. ఇంతవరకూ బాగానే ఉందా?

పైలట్లు, ఓడల వాళ్ళు ఇంకో రకంగా కొలుస్తారు. డిగ్రీని 60 నిమిషాలు చేస్తారు కదా, ఆ ఒక్క నిమిషానికి ఒక నాటికల్ మైలు. 1.852 కిలోమీటర్లు. మన కోనసీమ నుంచి మర్చంట్ నేవీలో పని చేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారేమో, వాళ్ళకి ఇది రోజువారీ లెక్క. ఆ చివరాయన తల ఊపుతున్నారు చూడండి.

ఇప్పుడు మన రెండు ద్వీపాల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని, ఇంటర్‌లో చదివిన సైన్‌లు కొసైన్‌లతో లెక్క వేస్తే కోణం 94 డిగ్రీల 29 నిమిషాలు వస్తుంది. నిమిషాలన్నీ కలిపితే 5,669. అంటే 5,669 నాటికల్ మైళ్ళు. 1.852తో హెచ్చవేస్తే 10,499 కిలోమీటర్లు. సైటు 10,500 అంటే సరిగ్గానే అంది. లెక్క చేసేవాళ్ళని బట్టి ఓ 20, 30 కిలోమీటర్లు తేడా రావచ్చు. భూమి అచ్చంగా బంతిలా లేదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది, అందుకు. ట్రిగనామెట్రీ ఎందుకు సార్, ఎక్కడ పనికొస్తుంది అని నా క్లాసులో పిల్లలు అడిగేవారు. ఇదిగో, ఇక్కడ.

కాబట్టి దూరం విషయంలో గొడవ లేదు. దూరం భూమిది. విమానం ఉన్నా లేకపోయినా అది అంతే ఉంటుంది.

సమయం అలా కాదు. సమయం ఎవరిది? ఆ సైటు 13 గంటలు అని ఎలా చెప్పిందో చూడండి. 10,500ని 850తో భాగించింది. జెట్ విమానం గంటకి సుమారుగా ఆ వేగంతో పోతుంది కదా. పన్నెండు గంటల పైచిలుకు వచ్చింది. ఎక్కడానికి, దిగడానికి అని ఓ అరగంట కలిపింది. 13 అని రాసింది. అంతే అండి. అందులో గాలి లేదు, రన్‌వే లేదు, ఇంధనం లేదు, ఏ రోజు నడుస్తుందనేది లేదు. నాలుగో తరగతి భాగహారం.

ఈ భాగహారం మనకు తెలిసిన చోట ఎంతవరకు పని చేస్తుందో చూద్దాం. రాజమండ్రి, అంటే మన మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాదుకి గాలిలో దూరం 360 కిలోమీటర్లు. అటూ ఇటూ రెండు రెక్కలకీ ఫ్యాన్లు తిరిగే విమానం ఉంటుంది చూశారా, ఏటీఆర్, అది గంటకి 500 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 43 నిమిషాలు. మరి టికెట్ మీద ఎంత రాస్తాడు? గంట దాటే రాస్తాడు. మిగతా సమయం ఎటు పోయింది?

టికెట్ మీద ఉండేది గాలిలో ఉన్న సమయం కాదు. చక్రాల కింద అడ్డుపెట్టిన చెక్కలు తీసిన క్షణం నుంచి, అవతల మళ్ళీ చెక్కలు పెట్టే క్షణం దాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. మధురపూడిలో రన్‌వే చివరిదాకా నెమ్మదిగా పాకాలి. ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. శంషాబాద్ దగ్గర పడ్డాక నీ ముందు నలుగురు ఉంటారు, వరసలో నిలబెడతారు. దిగాక గేటు దాకా మళ్ళీ పాకాలి. దూరం ఎంత తక్కువైతే ఈ పాకుడు అంత ఎక్కువగా కనపడుతుంది. పదివేల కిలోమీటర్లలో అరగంట ఒక లెక్కా? 360 కిలోమీటర్లలో అరగంట అంటే సగం ప్రయాణం.

ఇంకో తమాషా చెప్తాను. స్కాట్లాండుకి ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నాయి. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు దీవుల మధ్య లోగన్ఎయిర్ వాళ్ళు చిన్న విమానం నడుపుతారు. దూరం 2.7 కిలోమీటర్లు. టైమ్ టేబుల్లో రెండు నిమిషాలు అని ఉంటుంది. గాలి కలిసొస్తే ఒక నిమిషంలోపే దిగిపోయిన రోజులున్నాయి, రికార్డు 53 సెకన్లు. ప్రపంచంలో అన్నిటికన్నా చిన్న రెగ్యులర్ సర్వీసు అదే. సైటు భాగహారం ప్రకారం అయితే ముప్పయ్యేసి నిమిషాలు చూపించాలి! నవ్వుతున్నారు గానీ, ఆ దీవి వాళ్ళకి అది తమాషా కాదు. టీచర్లు, డాక్టర్లు దాంట్లోనే వచ్చి వెళ్తారు.

సరే, అసలు సంగతికి వద్దాం. ఈ రెండు ద్వీపాలనీ కాస్త దగ్గర్నుంచి చూస్తే తప్ప ఎందుకు విమానం లేదో అర్థం కాదు.

ఈస్టర్ ద్వీపానికి మొదటిసారి విమానం వెళ్ళింది 1951 జనవరిలో. చిలీ వాయుసేనకి చెందిన రొబెర్తో పర్రగే అనే కెప్టెన్ కటలీనా అనే విమానంలో వెళ్ళాడు. నీళ్ళ మీద కూడా దిగగల విమానం అది. ఎన్ని గంటలు పట్టిందో తెలుసా? పంతొమ్మిది గంటలకు పైగా! ఇప్పుడు శాంటియాగో నుంచి 3,750 కిలోమీటర్లు, జెట్ విమానంలో ఐదు గంటల పైచిలుకు. దూరం మారలేదు, ద్వీపం కదల్లేదు. సమయం పంతొమ్మిది నుంచి ఐదుకి దిగింది.

అక్కడి రన్‌వే చూస్తే ఆశ్చర్యపోతారు. 3.3 కిలోమీటర్లు. మన మధురపూడిని పొడిగించాక కూడా 3.1 కిలోమీటర్ల పైచిలుకే. కొన్ని వేలమంది ఉండే ద్వీపానికి అంత రన్‌వే ఎందుకు? అమెరికా నాసా వాళ్ళ డబ్బు అది. స్పేస్ షటిల్ అంటే అంతరిక్షంలోకి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు విమానంలా రన్‌వే మీద దిగే వాహనం. 1980ల్లో దాన్ని కాలిఫోర్నియా నుంచి ఎగరేద్దామనుకున్నారు. పైకి వెళ్ళాక ఏదైనా తేడా వస్తే ఎక్కడో దిగాలి కదా, ఆ దారిలో ఉన్న నేల అదొక్కటే. అందుకని పొడిగించారు. 1986లో చాలెంజర్ అనే షటిల్ పేలిపోయింది, ఆ తర్వాత కాలిఫోర్నియా ప్రయోగాల ఆలోచన మానుకున్నారు. షటిల్ ఒక్కసారి కూడా అక్కడ దిగలేదు. రన్‌వే మాత్రం ద్వీపం వాళ్ళకి మిగిలింది. ఇప్పుడు బోయింగ్ డ్రీమ్‌లైనర్లు అనే పెద్ద విమానాలు దిగుతున్నాయి. ఎవరి పెళ్ళికో వేసిన పందిట్లో ఇంకెవరి పెళ్ళో అయినట్టు.

సెయింట్ హెలెనాది వేరే కథ. అక్కడ 2017 దాకా రెగ్యులర్ విమానమే లేదు. ఓడ ఒక్కటే, ఆర్ఎంఎస్ సెయింట్ హెలెనా. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నుంచి ఐదు రాత్రులు పట్టేది. విమానాశ్రయం కట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం 285 మిలియన్ పౌండ్లు పెట్టింది. ఆ ద్వీపం అంతా కొండలు, లోయలు, చదునైన నేల అంటూ లేదు. ఒక లోయని రాళ్ళతో పూడ్చారు. ఎంత పోశారనుకున్నారు? దాదాపు 80 లక్షల ఘనపు మీటర్లు. వంద మీటర్ల ఎత్తున పోశారు. ఇక్కడ ఇంటి పునాదికి మట్టి తోలించినవాళ్ళకి తెలుస్తుంది అదెంత పనో.

అంతా అయింది, 2016లో ప్రారంభం అన్నారు. ఆ ఏప్రిల్‌లో ఒక బోయింగ్ 737ని పరీక్షగా తీసుకొచ్చారు. దిగేటప్పుడు గాలి ఆడించేసింది. కారణం ఏమిటంటే, రన్‌వే సముద్రం నుంచి నిట్టనిలువుగా లేచిన కొండ అంచున ఉంది. ఆగ్నేయం నుంచి ఏడాది పొడవునా గాలి వీస్తుంది. ఆ గాలి కొండకి కొట్టుకుని, పైకెగసి, సుళ్ళు తిరుగుతుంది. విమానం నేలకి దగ్గరయ్యే సరికి ఒక చోట గాలి ఒక వేగంతో, పది అడుగుల అవతల ఇంకో వేగంతో ఉంటుంది. దీన్ని విండ్ షియర్ అంటారు. దిగేటప్పుడు పైలట్‌కి అంతకన్నా టెన్షన్ ఉండదు. ప్రారంభం వాయిదా పడింది. లండన్ పత్రికలు ప్రపంచంలో ఇంత పనికిమాలిన విమానాశ్రయం లేదని వెక్కిరించాయి. చివరికి 2017 అక్టోబరులో చిన్న జెట్ విమానం, ఎంబ్రేయర్ 190తో, దక్షిణాఫ్రికా ఎయిర్‌లింక్ వాళ్ళు మొదలుపెట్టారు. జొహానెస్‌బర్గ్ నుంచి వారానికి ఒకటి, శనివారం. రద్దీ ఉండే నెలల్లో ఇంకోటి వేస్తారు. మరుసటి ఏడాది ఓడ రిటైరయింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. 10,500 కిలోమీటర్లు ఎగరగల డ్రీమ్‌లైనర్ ఈస్టర్ ద్వీపంలో హాయిగా దిగుతుంది, సెయింట్ హెలెనాలో దిగలేదు. అక్కడి రన్‌వే రెండు కిలోమీటర్ల లోపే. సెయింట్ హెలెనాలో దిగగలిగే ఎంబ్రేయర్ అంత దూరం ఎగరలేదు, నాలుగున్నర వేల కిలోమీటర్లకి దాని ఇంధనం సరి. దిగగలిగింది రాలేదు, రాగలిగింది దిగలేదు. విమానం లేకపోవడానికి ఇది మొదటి కారణం. ఒక ద్వీపం నుంచి రెండో ద్వీపానికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారనేది రెండో కారణం, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

ఇంధనం మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి, నాకు ఇది చాలా ఇష్టమైన విషయం. మధురపూడికి వచ్చే విమానం ఉంది. చలికాలం పొద్దున్న మంచు పట్టేసింది, దిగలేదు. ఏం చేస్తుంది? గన్నవరం పోతుంది, లేకపోతే విశాఖ పోతుంది. ఎక్కేముందే పైలట్ ఆ రెండో ఊరికి సరిపడా ఇంధనం, పైన ఇంకో అరగంటకి కలిపి పోయించుకుంటాడు. అది నియమం. మరి ఈస్టర్ ద్వీపంలో దిగలేకపోతే? పక్క ఊరేది? లేదు. చుట్టూ రెండు వేల కిలోమీటర్ల వరకూ రన్‌వే లేదు.

ఇలాంటి వాటికి అంతర్జాతీయ నియమాల్లో వేరే లెక్క ఉంది. పక్క ఊరు లేని చోటికి వెళ్ళే జెట్ విమానం, ఆ ఊరి నెత్తి మీదికి చేరాక కూడా ఇంకో రెండు గంటలు ఎగరడానికి సరిపడా ఇంధనం మోసుకెళ్ళాలి. రెండు గంటలు! వాన వెలిసేదాకా, గాలి తగ్గేదాకా పైనే తిరుగుతూ ఉండటానికి. డ్రీమ్‌లైనర్ గంటకి ఐదు టన్నుల దాకా తాగుతుంది. అంటే పది టన్నులు ఊరికే మొయ్యాలి. ఆ మోసినదాన్ని మొయ్యడానికి మళ్ళీ కొంత ఇంధనం. ఇంకా ఉంది. దారిలో ఒక చోటు లెక్కకట్టి పెట్టుకుంటారు. అది దాటితే వెనక్కి వెళ్ళడానికి ఇంధనం చాలదు, పాయింట్ ఆఫ్ నో రిటర్న్. ఆ చోటికి వచ్చాక పైలట్ ద్వీపానికి రేడియోలో అడుగుతాడు, వాతావరణం ఎలా ఉంది, రన్‌వే ఖాళీగా ఉందా అని. అంతా బాగుందంటేనే ముందుకి. లేదంటే అక్కడి నుంచే వెనక్కి. కింద నీళ్ళు తప్ప ఏమీ లేని చోట, గంటల తరబడి ఎగిరొచ్చాక తీసుకునే నిర్ణయం అది.

సెయింట్ హెలెనాకి ఇంకో ఏర్పాటు. జొహానెస్‌బర్గ్ నుంచి 3,700 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు విమానం నమీబియా తీరంలో వాల్విస్ బే అనే ఊళ్ళో దిగి ఇంధనం నింపుకుని వెళ్తుంది. ఎందుకు? ద్వీపం దాకా వెళ్ళి, గాలి బాగాలేక దిగలేకపోతే, మళ్ళీ ఆఫ్రికాకి వెనక్కి రావాలి కదా. రానూపోనూ ఇంధనం ఉంచుకోవాలి. అందుకే వెళ్ళేటప్పుడు ఆరు గంటలకి అటూఇటూ పడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడా ఆగక్కర్లేదు కాబట్టి ఐదు గంటల లోపే. అదే దూరం. గమనించండి, అదే దూరం. సైటుని అడిగితే రెండు వైపులా ఒకే సమయం చెప్తుంది.

ఈస్టర్ ద్వీపానికీ అలాగే తేడా ఉంది. అక్కడ కారణం ఇంధనం కాదు, గాలి. ఆ అక్షాంశాల్లో పైన, పది కిలోమీటర్ల ఎత్తులో, గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. శాంటియాగో నుంచి ద్వీపానికి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. ముప్పావు గంట దాకా తేడా వస్తుంది. వరద గోదారిలో పడవ నడిపినవాళ్ళకి ఎదురంటే ఏమిటో నేను చెప్పాలా?

అయితే సార్, విమానం లేకపోతే మనిషి వెళ్ళడానికి దారే లేదా? ఉంది. రండి, వెళ్దాం. ఈస్టర్ ద్వీపంలో ఎక్కాం. శాంటియాగో, 3,750 కిలోమీటర్లు. ఇక్కడిదాకా పురికొస దారిలోనే ఉన్నాం, ఒక్క కిలోమీటరు వృథా లేదు. సెయింట్ హెలెనా ఇంక 6,750 కిలోమీటర్లు. కానీ అటు వెళ్ళేది లేదు. శాంటియాగో నుంచి బ్రెజిల్‌లోని సావో పాలో, 2,610. సావో పాలో నుంచి జొహానెస్‌బర్గ్, 7,430. ఈ ముక్కలో ఏం జరుగుతుందో గ్లోబు మీద చూడండి. రాత్రిపూట అట్లాంటిక్ దాటుతూ, మనం దిగాల్సిన ద్వీపానికి దక్షిణంగా పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో దాన్ని దాటి పోతాం. దాటి ఎక్కడికో తూర్పుకి వెళ్ళి, జొహానెస్‌బర్గ్‌లో దిగి, మళ్ళీ పడమటికి తిరిగి 3,680 కిలోమీటర్లు వెనక్కి రావాలి. అన్నీ కూడండి. 17,470. పురికొస చెప్పింది 10,500.

మీకు ఇది కొత్తా? సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా నరసాపురం కనపడుతూనే ఉంటుంది. వశిష్ఠ అవతలే. పంటు ఉంటే స్కూటర్ ఎక్కించుకుని దాటేస్తాం. వరదొచ్చి పంటు ఆపేశారనుకోండి, వెనక్కి రాజోలు వచ్చి, దిండి వెళ్ళి, చించినాడ వంతెన ఎక్కి, అటు దిగి నరసాపురం పోవాలి. అవతలి ఒడ్డు మీద మనిషి ఆకారం తెలుస్తున్నా సరే. మనం ఏం అడుగుతాం అప్పుడు? నది ఎంత వెడల్పు అని అడగం. పంటు నడుస్తోందా, ఆఖరి పంటు ఎన్నింటికి అని అడుగుతాం. సెయింట్ హెలెనా వెళ్ళేవాడు అడగాల్సిందీ అదే.

ఎందుకంటే గాలిలో ఉండేది మొత్తం కలిపితే ఇరవై నాలుగు గంటలే. దాంట్లో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఆ శనివారం విమానం ఉందే, దాని కోసం చూడాలి. ఆదివారం పొద్దున్న జొహానెస్‌బర్గ్‌లో దిగావనుకో, అయిపోయింది. ఆరు రోజులు అక్కడే. అన్నీ కలిసొస్తే రెండు మూడు రోజుల్లో వెళ్ళొచ్చు, లేకపోతే తొమ్మిది రోజులు పట్టొచ్చు. అదీ గాలి బాగుంటే. ఆ ద్వీపం మీద మబ్బు కిందికి దిగితే శనివారం విమానం ఆదివారానికో సోమవారానికో పోతుంది. 13 గంటలు ఎక్కడ, తొమ్మిది రోజులు ఎక్కడ!

నేను అనేదేమిటంటే, ఆ సైటుని తిట్టమని కాదు. అది దూరం బాగా చెప్తుంది. దాని పక్కన సమయం అని ఒక గడి ఉంది కాబట్టి దాన్నీ నింపింది. ఆ గడి ఖాళీగా వదిలితే నాకు ఇంకా గౌరవం ఉండేది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, మన దేశం నుంచి ఈస్టర్ ద్వీపం ఎంత దూరం?)

మంచి ప్రశ్న. ఇలా రా, గ్లోబు పట్టుకో. ఈస్టర్ ద్వీపం మీద ఒక వేలు పెట్టు. ఇప్పుడు భూమికి సరిగ్గా అవతలి వైపు ఇంకో వేలు పెట్టు. ఎక్కడ పడింది? రాజస్థాన్. జైసల్మేరు దగ్గర! జైసల్మేరులో సూది గుచ్చి, భూగోళం మధ్యలోంచి దించితే ఈస్టర్ ద్వీపం పక్కన తేలుతుంది. అంటే జైసల్మేరు నుంచి దానికి ఇంచుమించు 20,000 కిలోమీటర్లు, భూమి మీద అంతకన్నా దూరం ఉండదు. అక్కడి నుంచి ఏ దిక్కుకి బయల్దేరినా ఒకటే. మన రాజమండ్రి నుంచి అయితే 18,400. కాస్త దగ్గరే!

(ఒక పెద్దాయన: మరి ఆ నెపోలియన్ గారి ద్వీపానికి ఇక్కడి నుంచి ఎలా వెళ్ళాలండీ? మా అబ్బాయి దుబాయిలో ఉంటాడు, అటు తీసుకెళ్ళమంటాను.)

ఆయ్, తప్పకుండా తీసుకెళ్ళమనండి. ముందు దూరం చెప్తాను. మధురపూడి నుంచి సెయింట్ హెలెనాకి పురికొస దూరం 10,260 కిలోమీటర్లు. చూశారా, ఈస్టర్ ద్వీపం నుంచి ఎంతో మన నుంచీ దాదాపు అంతే. దారి మాత్రం మనదే తేలిక. మధురపూడి నుంచి ముంబయికి నేరుగా విమానం 2024 డిసెంబరులో మొదలైంది. ముంబయి నుంచి దుబాయి, అబ్బాయిని చూసుకోండి, నాలుగు రోజులుండండి. దుబాయి నుంచి జొహానెస్‌బర్గ్‌కి నేరుగా ఉంది, ఎనిమిది గంటలు. శుక్రవారం సాయంత్రానికల్లా అక్కడ దిగి, రాత్రి పడుకుని, శనివారం ఎక్కండి. శనివారం పొద్దున్న దిగి అదే రోజు ఎక్కుదామని మాత్రం టికెట్లు తీయకండి, ఒక విమానం ఆలస్యమైతే వారం పోతుంది.

ఇంకోటి, ఆ ద్వీపం వాళ్ళు మెడికల్ ఇన్సూరెన్స్ ఉంటే తప్ప రానివ్వరు. అదీ మామూలుది కాదు, ఒంట్లో బాగాలేకపోతే విమానంలో ఆఫ్రికాకి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. అక్కడ ఆసుపత్రి ఉంది గానీ చిన్నది. పెద్ద ఆపరేషన్ అంటే దక్షిణాఫ్రికాకే పంపాలి. మీ వయసుకి ఆ ప్రీమియం ఎంతవుతుందో ముందు అబ్బాయిని కనుక్కోమనండి. టికెట్ సంగతి తర్వాత చూద్దాం.